మా నాటకానికి నిఘా కావలెను

షహరు హైదరాబాదు, నాటకముల అనుమతి దఫ్తరు,
పెద్ద అధికారి గారి సముఖమునకు,

స్వస్థలం గద్వాల దగ్గరి మల్దకల్, ప్రస్తుతం షహరులో ఒక బట్టల దుకాణమున చీరలు మడత పెట్టు నౌకరు, పాలమూరు మిత్ర నాటక సమాజమునకు కార్యదర్శి, రచయిత, మిగిలిన ఒకే ఒక నటుడు అయిన కురుమూర్తి వ్రాసుకొను అర్జీ.

విషయం: మా నాటకములపై నిఘా ఎత్తివేస్తూ దయచేసిన ఉత్తర్వును రద్దు చేసి, జవాను బాబు మియాను రాబోవు శుక్రవారం ఒక్క పూట మాకు తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

నిఘా వద్దను అర్జీలు తమ దఫ్తరుకు కట్టలు కట్టలుగా వచ్చునని ఎరుగుదును. నిఘా కావలెనని వచ్చినది ఇదే మొదటిది కావచ్చును. గుమాస్తా గారు అలవాటు కొద్దీ దీనిని కూడా ఆ కట్టలో వేయకుండుటకై విషయము పైననే విడమరిచి వ్రాసితిని. కోపగించక చివరి దాకా చదివించుకొనవలెనని ప్రార్థన.

1. ఈ యేడు దీపావళి మొదలు ఉగాది వరకు షహరులో చిన్న నాటక సమాజములు తొమ్మిది తమంతట తాముగా ఆడుచున్నవి. రైలు పెట్టె నిండా తెరలు నింపుకొని ఊరూరు తిరుగు పెద్ద కంపెనీల వంటివి కావు. ఒకటి బడి వరండాలో ఆడును. ఒకటి నూనె గానుగ వెనుక ఆడును. మాది కట్టెల అడితిలోని రేకుల కొట్టము. దుకాణములు మూసి ఉండు శుక్రవారం నాడు, సాయంత్రం నాలుగు గంటలకు మా ఆట. ప్రేక్షకులు దూలముల మీద కూర్చుందురు. కూర్చుందురు అనుట మర్యాద కొరకు వ్రాసిన మాట. వాస్తవము క్రింద రాగలదు.

2. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపుల నుండి పొట్ట చేత పట్టుకొని వచ్చిన వారము అయిదుగురము కలిసి ఈ సమాజము పెట్టితిమి. ఇద్దరు మొదటి నెలలోనే అలసిపోయిరి. కిరీటము పెట్టువాడు పాన్‌గల్ కృష్ణయ్య. అతని భార్య ఊరి నుండి కబురు పంపినది: “ఈడ పల్లిచేన్ల పందులు పడ్డయి. ఆడ రాజ్యం తర్వాత ఏలు, ముందు గిది సూడు.” రాజు మూట కట్టుకొని పోయినాడు. హార్మోనియం వాయించు ఉప్పునుంతల లింగయ్య మాఘమాసము దాకా ఓపిక పట్టి, ఒకనాడు పెట్టె భుజానికి ఎత్తుకొని, “ఇనేటోల్లు లేకుంటె పెట్టె గూడ పలుకుతలేదు, కురుమూర్తి” అని గానుగ వెనుక సమాజములో చేరినాడు. అతని తప్పు లేదు. కాని పెట్టె వెళ్ళిపోయిన ఆ శుక్రవారం మా కొట్టము ఎట్లుండెనో తమకు చెప్పలేను.

3. నాటకము ఆడు చోట తమ జవాను ఒకడు ఆద్యంతము కూర్చుని చూచి, అభ్యంతరకరమైనది ఏదైన ఉన్నదో లేదో వ్రాసి పంపవలెనని అనుమతి పత్రములో షరతు గలదు. ఆ ప్రకారము మాకు వచ్చినవాడు బాబు మియా, నాగర్‌కర్నూలు మనిషి. మొదటి దినము కుర్చీ గోడకు ఆనించి, టోపీ మోకాలి మీద పెట్టుకొని, మమ్మల్ని దొంగలను చూచినట్లు చూచినాడు. రెండవ వారము నవ్వు వచ్చి మీసము క్రింద దాచుకొన్నాడు. నాలుగవ వారమునకు కుర్చీ ముందుకు జరిగినది.

జవాను కూర్చున్న చోట జనము కూర్చోరని నేను అందరితో చెప్పుకొంటిని. మొదట పదకొండు మంది వచ్చిరి, తరువాత నలుగురు, ఆ తరువాత ఆయన ఒక్కడు. ఈ నెపమంతయు ఆయన మీదనే వేసితిని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు. ఆ సంగతి ఏడవ పేరాలో ఒప్పుకొందును.

4. నటులు పోయిన తరువాత, ఒక్కడు ఆడదగిన నాటకము వ్రాయక తప్పినది కాదు. ‘మేనమామ గంప’ అని పేరు పెట్టితిని. మా వైపు పెండ్లిలో పెండ్లికూతురును గంపలో కూర్చుండబెట్టి మేనమామ ఎత్తుకొని మంటపమునకు తెచ్చును. ఎంత పేద ఇల్లయినా, ఎంత కలహమున్నా, ఆ గంప ఎత్తు హక్కు అతనిదే. నా నాటకములో మేనమామ షహరులో ఉండును. అక్క కబురు మీద కబురు పంపును. వాడు వచ్చుచున్నాను అనును, రాడు. మొదటి అంకములో ధోవతి కట్టి మేనమామను, రెండవ అంకములో భుజము మీద కొంగు వేసుకొని అక్కను నేనే ఆడుచున్నాను.

5. ఈ నాటకము మొదటిసారి ఆడిన దినమున బాబు మియా ఆట ముగిసినను లేవలేదు. కాగితము, పెన్సిలు తీసి నన్ను పిలిచినాడు.

“గా మేనమామ ఏ ఊరోడు?”

“నాటకంల మనిషి, జవాన్ సాబ్. ఊరంటూ లేదు.”

“నాటకంల ఉంటేంది? తప్పు తప్పే గద. పిల్ల గంపల కూసోని తొవ్వ సూస్తుంటె వీడు రాకపాయె. రాసుకుంట, పేరు చెప్పు.”

ఇతడు పరాచికములాడుచున్నాడని అనుకొంటిని. లేదు. ఆ వారపు రిపోర్టులో, సర్కారుకు అభ్యంతరకరమైనది ఏమియు లేదు, కాని రెండవ అంకములో మేనమామ అనువాడు సొంత అక్క బిడ్డ పెండ్లికి రాలేదు, ఇది చాలా అన్యాయము, విచారణ జరుపవలెను అని వ్రాసి, సంతకము చేసి, తమ దఫ్తరుకు పంపినాడు. ఇరువది ఏండ్ల నౌకరీలో ఇంత నిజాయితీ గల రిపోర్టు ఇంకెవరైనా వ్రాసి ఉందురా అని సందేహము.

6. దాని మీద తమ గుమాస్తా గారు నన్ను పిలిపించి, మేనమామ ఎవరు, ఎక్కడ దాగినాడు అని రెండు గంటలు అడిగినారు. ఆ మేనమామ కల్పిత వ్యక్తి, అట్టి మనిషి భూమి మీద లేడు అని నేను వాంగ్మూలము ఇచ్చి సంతకము పెట్టితిని. గుమాస్తా గారికి నవ్వు ఆగినది కాదు. ఆ నవ్వు పై అధికారుల దాకా పోయి, ఈ సమాజము వలన ఎవరికి ఏ భయము లేదు, దీనికి జవానును పంపుట వ్యర్థము అని తేలి, మాకు నిఘా నుండి మినహాయింపు వచ్చినది. బాబు మియాను నదికి ఆవలి ఒడ్డున ధాన్యపు కొట్ల పహరాకు మార్చినారు.

7. ఈ ఉత్తర్వు సంగతి విని తక్కిన ఎనిమిది సమాజముల వారు ఓర్వలేకపోయిరి. “మీకేంది, రొట్టె విరిగి నేతిల పడ్డది” అని లింగయ్య నాతో అన్నాడు. నాకును అట్లే తోచినది. ఇక జవాను లేడు కనుక జనము వచ్చెదరని, అడితి తలుపు మీద ‘ఇక్కడ పోలీసువారు లేరు’ అని బొగ్గుతో పెద్ద అక్షరములు వ్రాసితిని. నాలుగు గంటలకు తెర తీసితిని. దూలములు ఉన్నవి. అడితి కాపలా మనిషి తల పెట్టి చూచి, ఎవ్వరు లేరని ధైర్యము చెప్పి పోయినాడు. రెండు అంకములు పూర్తిగా ఆడితిని. మధ్యలో నిలిపివేయుట చేత కాలేదు. అక్క వేషములో ఏడ్చు చోట ఏడ్చితిని. తరువాత కొంగు మడిచి పెట్టుకొని కూర్చుంటిని. తప్పు జవానుది కాదని ఆనాడు తెలిసినది.

వరుసగా రెండు శుక్రవారములు ఇట్లే జరిగినది. అయ్యా, ఒక మనిషి ఎదురుగా లేకుండ ఆడునది నాటకము కాదు, పిచ్చి. నాకు పిచ్చి లేదని రుజువు చేయుటకైనను ఒక మనిషి కావలెను.

8. గత ఆదివారము దుకాణము నుండి సెలవు అడిగి, నది దాటి పోయి, బాబు మియాను వెదికితిని. కొట్టు ముందు తుపాకి పట్టుకొని నిలిచి ఉన్నాడు. నన్ను చూచినను కదలలేదు.

“పహరా మీద ఉన్న. మాట్లాడరాదు” అన్నాడు. కొంచెము సేపటికి తనే, “గా మేనమామ పోయిండా, అక్క ఇంటికి?” అని అడిగినాడు.

“పోలే.”

“పెండ్లైపోయినా సరే, ఒక్కపారి తోల్కపోరాదు వాన్ని. మొగమన్న జూపిస్తడు.”

మూడవ అంకము వ్రాసితిననియు, అందులో మేనమామ అక్క గుమ్మము దాకా పోవుననియు, కాని అక్క ఏమనునో నాకు తెలియుట లేదనియు చెప్పితిని. ఏడుసార్లు వ్రాసితిని. ఒకసారి తలుపు వేసికొన్నది, ఒకసారి చెంబుతో నీళ్ళు ఇచ్చినది, ఒకసారి కొట్టినది. అన్నియు నాటకము మాటలే గాని అక్క మాట ఒకటియు లేదు.

బాబు మియా కొట్టు తాళమును ఒకసారి లాగి చూచినాడు. “మా ఆపా మెహబూబీ నాతోని రెండేండ్లు మాట్లాడలే. బావ సచ్చిపోతే నేను డ్యూటీల ఉండి పోకపోతి. ఎన్కకు పోయిననాడు ఏమన్నదో నాకు యాదికున్నది.”

“ఏమన్నది?”

“గది గిట్ల నిలవడి చెప్పే మాటనా? నీ ఆట సూస్త. నీ అక్క ఏమంటదో సూసినంక, మా అక్క ఏమన్నదో చెప్త.”

“అయితే శుక్రవారం రాండ్రి, బాబు భాయ్.”

“హుకుం ఉంటె వస్త. లేకుంటె ఎట్ల వస్త?”

అందుచేత ఈ అర్జీ.

9. పై ఆరవ పేరాలో చెప్పిన వాంగ్మూలము అబద్ధము. సర్కారు ముందు అబద్ధపు సంతకము పెట్టుట నేరమని తెలిసి పెట్టితిని. ఆ మేనమామను నేనే.

మా అక్క జములమ్మ. అమ్మ పోయిన తరువాత నన్ను చంకనేసుకొని పెంచిన మనిషి. ఆమెకు ఒక్కతే బిడ్డ, ఇందిరమ్మ. పోయిన వైశాఖములో పెండ్లి. మూడు కబుర్లు వచ్చినవి. నేను దుకాణములో సెలవు తీసికొని, గద్వాల రైలుకు మూట కట్టుకొంటిని. ఆ సాయంత్రమే షహరులో ఒక సమాజము వారు, తమ నటునికి జ్వరము వచ్చినదని, నౌకరు వేషము వేయమని అడిగిరి. దర్బారులో చామరము విసురుచు నిలబడు వేషము. మాట ఒకటి కూడా లేదు. జీవితములో మొదటిసారి నన్ను నాటకమునకు పిలిచినవారు వారే. మూట దించితిని. మరునాటి రైలుకు పోవచ్చునని మనసుకు చెప్పుకొంటిని. మరునాడు మళ్ళీ ఆట ఉండెను.

పెండ్లి సంగతి కృష్ణయ్య వచ్చి చెప్పినాడు. ముహూర్తము దాటుచున్నది, పిల్ల గంపలో కూర్చున్నది, జములమ్మ వాకిట నిలిచి గంపను ఎవరిని ముట్టనియ్యలేదు. “నా తమ్ముడస్తడు, జర ఆగుండ్రి” అని పంతులుతో రెండుసార్లు అన్నది. చివరకు వారి పొలము కౌలుకు చేయు మనిషి గంప ఎత్తినాడు. అప్పటి నుండి నా ఉత్తరములకు జవాబు లేదు. ఆమెకు చదువు రాదు, ఎవరిచేతనైనా చదివించుకొనవలెను. చదివించుకొనుట లేదని నా అనుమానము.

నాటకములు ఆడుట మాని ఊరికి పోవచ్చును గదా అని తమరు అనవచ్చును. పోలేను. భయము. నన్ను చూచి ఆమె ఏమియు అనకపోయినచో, ఇంటికి వచ్చిన బేరగాడిని చూచినట్లు చూచినచో, ఆ తరువాత నాకు పోవుటకు ఇంకొక చోటు లేదు. ఈ షహరులో నాకు తెలిసిన వారు వందల మంది. అందరికి చీరలు చూపెదను. నా పేరు తెలిసిన వారు అయిదుగురు, వారిలో నలుగురు పోయిరి.

బాబు మియా వచ్చి మూడవ అంకము చూచినచో, తన అక్క మాట చెప్పును. అది విన్న తరువాత గద్వాల రైలు ఎక్కవలెనో వద్దో తేల్చుకొందును. రాబోవు శుక్రవారము ఈ యేటి ఆటలకు ఆఖరిది. అడితి వారు ఆ మరునాటి నుండి కొట్టములో కొత్త కట్టె దింపుదురు.

కావున తమరు దయయుంచి:

అ) మా సమాజము వలన ఏ భయము లేదను అభిప్రాయమును ఉపసంహరించుకొనవలెను;

ఆ) జవాను బాబు మియాను ఆ ఒక్క సాయంత్రము కొట్ల పహరా నుండి తప్పించి, మా మీద పెట్టవలెను;

ఇ) అబద్ధపు వాంగ్మూలమునకు ఏ శిక్ష అయినను శనివారము నుండి అమలు జరుపవలెను.

చెప్పవలసినది చెప్పితిని, చెప్పకూడనిది కూడా చెప్పితిని. అంతయు చిత్తగించి, ఒక్క సంతకము చేయవలెను.

ఇంకను తమ నిఘాలోనే ఉండగోరు
తమ విధేయుడు
కురుమూర్తి, వల్ద్ (తండ్రి) కురుమయ్య
1351 ఫసలీ, ఉగాదికి ఎనిమిది దినముల ముందు

తా.క. అర్జీ మడిచిన తరువాత, చదివి నవ్వుకొని పక్కన పెట్టుదురేమోనని భయం పట్టుకున్నది. పోయినసారి అట్లనే అయింది. అందుకని ఇప్పుడే మూడవ అంకములో సర్కారుకు అభ్యంతరకరమైన మాట ఒకటి చేర్చినాను. అదేమిటో ఇక్కడ వ్రాయను. అది అక్క వేషము నోట వచ్చును. మా అక్క జములమ్మ అటువంటి మాట అనే మనిషి కాదు, ఆమెను పోలీసు తాణాకు పిలవకండి. అన్నది నేనే. ఏమన్నానో తెలుసుకోవాలంటే మనిషిని పంపక తప్పదు. బాబు మియానే పంపండి, ఉన్నదున్నట్లు రాస్తాడు. నన్ను పట్టుకొని పోవాలంటే పోవచ్చు, కాని ఆట అయిపోయేదాకా కూర్చోమనండి. నాలుగింటికి తెర తీస్తాను. ముందు వరుసలో చోటు దొరకదేమోనని తొందరపడి రానవసరం లేదు.