నాన్న మార్చిన నీళ్ళు

12 నవంబర్ 2005, కైకలూరు
ట్రాంబే నుంచి మెయిల్. రియాక్టర్ దగ్గర నాకు రెండు రోజుల బీమ్ టైమ్, అంటే న్యూట్రాన్లతో పరీక్ష చేసుకునే అవకాశం ఇచ్చారు. ఇది పోతే మళ్ళీ వచ్చే ఏడాదే, అప్పటికి నా ఫెలోషిప్ ఉండదు. మా చెరువులోనే బొచ్చె చేపను పట్టించి, పొలుసులు ఒక సీసాలో హెవీ వాటర్ (భారజలం) పోసి నానబెట్టాను. మామూలు నీళ్ళలో ఉంటే న్యూట్రాన్లతో చూసినప్పుడు అంతా మసకే. మన కంటికి మాత్రం రెండు నీళ్ళూ ఒకటే.

19 నవంబర్
సీసా మూతదాకా నిండుగా ఉంది. నేను మెడదాకానే పోశాను. పోశానా?

సాయంత్రం
నాన్న పని. "చేప సరుకు నిలవ నీళ్ళలో ఉంటే కుళ్ళిపోద్ది కదమ్మా, కొన్ని పారబోసి కొన్ని పోశాను" అన్నారు. చెరువుకైతే ఎప్పుడూ చేసేదే. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చదువంతా పారబోశారు అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. ఆయన ఏదో చెప్పబోతే చెప్పనివ్వలేదు. పాపం ఆయనకేం తెలుసే అంది అమ్మ. ఇప్పుడు సీసాలో ఉన్నదేమిటో నాకు మాత్రం తెలుసా?

20 నవంబర్
నాన్న నాతో మాట్లాడటం లేదు. కాదు, నేనే మాట్లాడటం లేదేమో.

21 నవంబర్
మా గైడ్ గంగాధరరావు గారికి ఫోన్ చేశాను. హెవీ వాటర్ ఇప్పట్లో దొరకదు, ఉన్నదే పట్టుకెళ్ళమన్నారు.

22 నవంబర్
ఏలూరులో రైలెక్కాను. నాన్న స్టేషన్‌దాకా వచ్చారు. పెట్టె మోశారు. సీసా ఉన్న సంచీ జోలికి మాత్రం రాలేదు.

25 నవంబర్, ట్రాంబే
ఏమీ అర్థం కావడం లేదు. గ్రాఫ్ చెడిపోలేదు. పొలుసులోని కొలాజెన్ అనే ప్రోటీన్ మొత్తం మాయమై, దాని మధ్య ఉండే ఖనిజపు రేణువులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇక్కడి సైంటిస్టు పుష్పలత గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. హెవీ వాటర్‌లో మామూలు నీళ్ళు సరైన పాళ్ళలో కలిస్తేనే ఇలా వస్తుందట, దీనికోసం ఎన్నో ట్రయల్స్ వేస్తారట. మీరెలా కలిపారండీ అని అడిగారు. నాన్న నీళ్ళు మార్చిన సంగతి చెప్పాను. ఎంత కలిసిందో తూకం వేసి తేల్చవచ్చు, కానీ పోసింది చెరువు నీళ్ళా, కుళాయి నీళ్ళా? ఏ రోజు పోశారు? అది తెలియకుండా పేపర్ రాయలేమన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

26 నవంబర్
నాన్నకు ఫోన్ చేశాను. నేనసలు ఆ సీసా ముట్టుకోలేదమ్మా అన్నారు. మంచే జరిగింది నాన్నా అని బతిమాలాను. దేవుడి తోడు, ముట్టుకోలేదన్నారు. ఒట్టు వేయడం పాపమని నాకు చెప్పిన మనిషి.

మా నాన్నకి నేనంటే భయం.