తెల్లకార్డు మీద తప్పు గడి

మిల్ క్రీక్,
ఫిబ్రవరి 11, బుధవారం పొద్దున్న.

సోదరి జర్లీన్‌కు,

నీ పాత ఇరుగింటి ఒనీటా అక్క రాసేది. ప్రభువు నిన్ను చల్లగా చూస్తున్నాడనే నమ్ముతున్నాను. ఇక్కడ నా మోకాళ్లు, నా కంగారు తప్ప తక్కినవన్నీ కుదురుగానే ఉన్నాయి. నువ్వు మీ చెల్లెలి ఊరికి వెళ్లిపోయి ఆరేళ్లు దాటింది. ఫోను చేస్తే తీయవు. ఉత్తరమైతే చించే ముందు పై నాలుగు వరుసలైనా చదువుతావని రాస్తున్నాను. నాది ఆరో తరగతి చదువు గదా, తప్పులుంటే సర్దుకో. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? మీ వైపు మంచు గడ్డకట్టిందని టీవీలో చెప్పారు. మెట్ల మీద ఉప్పు చల్లించు చెల్లీ, జారితే ఈ వయసులో ఎముక అతకదు.

నిన్న మళ్లీ రాజధానికి వెళ్లాను. ఇళ్లలో తుపాకులకు తాళం వేసి ఉంచాలనే ఆ బిల్లు కోసమే. నా మనవడు మార్లో నీ వంటింటి సొరుగులో పిస్తోలు చూసి ఆడుకోబోయి తొమ్మిదేళ్లకే పోయాడు చూడు, ఆ మరుసటి ఏడాది నుంచీ వెళ్తూనే ఉన్నాను. ఇది ఆరోసారి.

ప్రతిసారీ ఒకటే తంతు. శాసనసభ కమిటీ ముందు మాట్లాడాలనే వాళ్లకు తలుపు దగ్గర ఒక తెల్లకార్డు ఇస్తారు. పేరు రాసి, బిల్లు కావాలనే గడిలోనో వద్దనే గడిలోనో టిక్కు పెట్టాలి. రెండు పక్షాలకూ చెరో అరగంట, మనిషికి రెండు నిమిషాలు. కావాలనేవాళ్లం వ్యానుల నిండా వచ్చి దిగుతాం. నా పేరు వచ్చేలోపు టైమైపోయిందని గంట కొడతారు. కమిటీ అధ్యక్షుడు బిల్లును ఓటుకు పెట్టకుండానే ఫైలు మూస్తాడు. మళ్లీ ఏడాది ఆగాలి. ఐదేళ్లూ ఇంతే. గేటు దగ్గర కాపలా అతను నన్ను గుర్తుపట్టి, “ఏం మామ్మా, ఈసారైనా దుప్పటి తెచ్చుకోవలసింది” అన్నాడు. “దుప్పటి నేను తెస్తాను, మంచం నువ్వు వెయ్యి నాయనా” అన్నాను.

మమ్మల్ని నడిపించేది కెండ్రా అనే బడి పంతులమ్మ. “కాదన్నారంటే ఈ ఏటి మాటే. వచ్చే ఏటి జవాబు వాళ్ల దగ్గర ఇంకా లేదుగా” అంటూ వ్యానులో అందరికీ రొట్టెలు పంచుతుంది. నాకు అంత గుండె ఎక్కడిది? పొయ్యి కట్టేశానా లేదా అని దారంతా బెంగే.

ఫ్రాంక్లిన్‌కు మాత్రం చర్చిలో బొంతలు కుట్టడానికి వెళ్తున్నానని చెప్పాను. కన్నకొడుకే అయినా నేనున్నది వాడి పంచన. మందులు తెచ్చేది వాడే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదీ వాడే. మార్లో పోయినప్పటి నుంచి వాడు గదికొక తుపాకీ పెట్టుకున్నాడు. “వాళ్లేమన్నా నా బిడ్డని తెచ్చిస్తారా అమ్మా? నువ్వు ఆ గుంపులో కనబడ్డావంటే ఫ్యాక్టరీలో నా తల ఎక్కడ పెట్టుకోను?” అన్నాడు ఒకసారి. ఈ ఇంట్లో చెంచా కావాలన్నా నేను సొరుగు తెరవను జర్లీన్. కోడలు తీసిచ్చేదాకా నిలబడే ఉంటాను.

నిన్న జరిగింది విను. కళ్లజోడు వ్యానులో మరిచిపోయాను. ఇన్నేళ్లూ కార్డులో కావాలనే గడి పైన ఉండేది. ఈసారి ఎందుకో కిందికి మార్చారు. నేను అలవాటు కొద్దీ పై గడిలో టిక్కు పెట్టేశాను. మంచు వల్ల వద్దనేవాళ్ల బస్సు రాలేదు, ఆ పక్షాన నలుగురే ఉన్నారు. మూడో పేరు నాది.

కెండ్రా గబగబా నా పక్కకు వచ్చింది. “తప్పు పడిందని చెప్పి వచ్చెయ్యండి మామ్మా” అని గుసగుసలాడింది. ఈలోపు వేటగాళ్ల నారింజరంగు టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకాయన, నన్ను తన పక్షమే అనుకుని, చెయ్యి పట్టి మైకు దాకా నడిపించాడు. “భయపడకమ్మా, తాళం ఎందుకు వద్దో వాళ్లకి నిమ్మళంగా చెప్పు” అన్నాడు. అధ్యక్షుడూ అదే అడిగాడు, తాళం ఎందుకు వద్దంటున్నారని.

వెనక్కి వచ్చేద్దామనే అనుకున్నాను. కాని ఆరేళ్లకు దొరికిన రెండు నిమిషాలవి. పైగా ఆ ప్రశ్నకు జవాబు ఆ గదిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చెప్పాను. గంట కొట్టారు, నేను ఆపలేదు, ఆపమని ఎవరూ అనలేదు. టోపీ ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

అంతా విని అధ్యక్షుడు, “ఆ ఇంటావిడ మాట కూడా వినాలి. వచ్చే మంగళవారం దాకా దీన్ని మూయను” అన్నాడు. కెండ్రా బయటికి వచ్చాక, “ఇదీ వాయిదా ఎత్తే కావచ్చు మామ్మా. అయినా మూయకుండా వదలడం ఇదే మొదలు” అంది. నాకు అదే కొండంత.

ఇంటికి వచ్చినప్పటి నుంచి కాలు ఒక చోట నిలవడం లేదు. అక్కడ మాట్లాడిందంతా వీడియో తీసి అందరూ చూసేలా పెడతారట. ఫ్యాక్టరీలో ఎవరో ఒకరు ఫ్రాంక్లిన్‌కు చూపిస్తారు. చూశాక నన్ను ఉంచుకుంటాడో లేదో. రెండు జతల బట్టలు సంచిలో సర్దాను, మళ్లీ తీశాను, మళ్లీ సర్దాను. పోదామంటే చోటు లేదు, అన్నమాట వెనక్కి తీసుకుందామంటే అది మార్లోకు చేసే రెండో ద్రోహం.

నువ్వు మంగళవారం రావాలి. కెండ్రా వ్యాను ఉదయం ఏడింటికి మీ చర్చి ముందు ఆగుతుంది. మెడకు వెచ్చగా ఏదైనా చుట్టుకో. రానంటే నిన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు. వచ్చే ఏడాది నేను మళ్లీ ఆ కార్డు తీసుకుంటాను, ఊపిరుంటే ఆ పైఏడాదీ తీసుకుంటాను.

నీ మేలు కోరే,
ఒనీటా ప్రూయిట్

తా.క. ఇంత రాసి, మైకు ముందు ఏం చెప్పానో మాత్రం దాటేశాను. నీకు తెలిసిందే, కాని నా చేత్తో రాయాలి. ఆ పిస్తోలు నీది కాదు. మీ ఆయన పోయాక నువ్వు ఒంటరిగా ఉన్నావని నాకు నిద్రపట్టక, నేనే కొని తెచ్చి నీ సొరుగులో పెట్టాను. తాళమున్న పెట్టె కొంటానని నువ్వంటే, దొంగ వచ్చాక తాళంచెవి వెతుక్కుంటావా అని నవ్వాను. మార్లో పోయాక ఊరంతా నిన్ను ఆడిపోసుకుంటే, చర్చిలో నీ బల్ల మీద నీ పక్కన ఎవరూ కూర్చోకపోతే, ఫ్రాంక్లిన్ నీ గుమ్మంలో ఉమ్మితే నేను నోరు విప్పలేదు. నువ్వూ విప్పలేదు. ఎందుకు విప్పలేదో అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. మంగళవారం వచ్చి నా మీద సాక్ష్యం చెప్పు చెల్లీ. నేను నీ పక్కనే కూర్చుని వింటాను.