మలుపు మలుపుకీ హారన్

చెల్లికి అక్క ఆశీస్సులు.

ఫోన్లో చెబితే మీ బావగారికి వినబడుతుందని, ఎన్నాళ్ళకో కలం పట్టాను. కూర్చుని చదువు.

నిన్న ప్రార్థనలో ఉండగా వెనక గదిలో కీచుమని బ్రేకు చప్పుడు. వెంటనే మీ బావగారి కేక: "జారుతోంది, జారుతోంది!" పరుగెత్తాను. బల్లకి స్టీరింగు బిగించి ఉంది, కాళ్ళ దగ్గర పెడళ్ళు, టీవీలో వాన రోడ్డు. నడుముకి నా శాలువా బెల్టులా కట్టుకున్నారు!

అల్లుడు తెచ్చిన కారు పందెం ఆటట. "ఆటంటావేమిటే! చక్రం కంకర ఎక్కితే స్టీరింగు ఎలా వణుకుతుందో పట్టి చూడు" అన్నారు. పట్టాను. అది వణికింది, నేనూ వణికాను.

పందెంలోనూ మలుపు మలుపుకీ హారన్ కొడతారు. ఆఖరి గీత దాటాక బండి ఎడమకి తీసి, అందరూ దిగారా అని వెనక్కి చూస్తారు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన బుద్ధి! ఆ రోజు వానలో బస్సు గోడకి గుద్దుకుంటే, మీ ఆయన డిపోలో అందరి ముందూ "బ్రేకులు బాగానే ఉన్నాయి, తొక్కడమే ఆలస్యం" అన్నారు కదా. అప్పట్నుంచి ఈయన సైకిలైనా ముట్టలేదు. ఇప్పుడిదేమిటే?

నీ అక్క

తా.క. ఇవాళ ఎవడో వచ్చి గుద్దితే, "తప్పు నాదే నాయనా" అని టీవీకి దణ్ణం పెట్టారు.

అక్కకి నమస్కారాలు.

టీవీకి దణ్ణమా! బావగారిని డాక్టరుకి చూపించు. ముందు ఆ స్టీరింగు దాచెయ్యి. మా ఆయన మెకానిక్కైనా ఎంత మారారో చూడు! పని నుంచి రాగానే తలుపేసుకుని, చెవులకి ఆ హెడ్‌ఫోన్లు తగిలించుకుని భక్తి ఉపన్యాసాలు వింటున్నారు.

నీ చెల్లెలు

తా.క. ఒక్కోసారి "తప్పుకోరా గాడిదా!" అని అరుస్తారు. మాయని తిడుతున్నారట.

చెల్లీ, క్షేమమా?

నీ మాట విని స్టీరింగు దుప్పట్ల పెట్టెలో దాచాను. ఆయన అన్నం ముట్టలేదు. "అక్కడ ఒకాయన నాకోసం చూస్తుంటాడే" అన్నారు. ఆ ఆటలో ఎక్కడెక్కడివాళ్ళో కలుస్తారట. అందరికీ మారుపేర్లే, మాటలు తెర మీద రాతలే. ఈయన "ఆఖరి బండి". రోజూ వచ్చే ఆయన "నూనె చేతులు". ఈయన పస్తు చూడలేక స్టీరింగు తిరిగి ఇచ్చేశాను.

నిన్న వాన రోడ్డు మీద ఆ నూనె చేతులు గోడకి కొట్టుకున్నాడు. "వేళకే తొక్కాను, అయినా ఆగలేదు. ఎన్ని బ్రేకులు విప్పానో! తడి రోడ్డు మీద బండి బరువు తోసేస్తుంటే కాలికెలా ఉంటుందో ఇవాళే తెలిసింది. తెలియక ఒక డ్రైవర్ని అనరాని మాట అన్నాను" అని రాశాడు. ఈయన కళ్ళద్దాలు తుడుచుకుని, "ఆయన ఎప్పుడో మరిచిపోయి ఉంటాడులెండి" అని రాశారు.

నీ అక్క

తా.క. నా ప్రార్థనలో ఆ నూనె చేతుల్ని కూడా చేర్చాను.

అక్కా!

మా ఆయన గది తలుపు తోశాను. ఉపన్యాసమూ లేదు, గిపన్యాసమూ లేదు. స్టీరింగు! తెర మీద "ఆఖరి బండి" ఎడమకి జరిగి ఆగింది. నా గుండె కూడా ఆగింది.

"అదెవరో తెలుసా?" అంటే, "మొదటి మలుపులో హారన్ కొట్టినప్పుడే తెలుసు. నీకు పుణ్యముంటుంది, మీ అక్కకి చెప్పకు. ఇది నేనని తెలిస్తే ఆయన ఆట మానేస్తాడు" అన్నారు.

నీ చెల్లెలు

తా.క. నువ్వు ప్రార్థించేది నా మొగుడి కోసమే. ఆపకు.

చెల్లీ,

ఆగలేక అడిగేశాను. మీ బావగారు నవ్వి, "బ్రేకులు విప్పి, డ్రైవర్ని మాటన్న మెకానిక్కులు ఆ పందెంలో ఎంతమంది ఉంటారే? తెలిసినట్టు తోడల్లుడికి చెప్పకు, సిగ్గుపడతాడు" అన్నారు. అంటే తెలియంది మనిద్దరికేనే!

ఆదివారం మీ ఇంటికి వస్తున్నాం. అల్లుడి కారు మీ బావగారే నడుపుతారట. నిజం కారు, నిజం రోడ్డు. శాలువా మాత్రం నాకే ఇచ్చేశారు.

నీ అక్క

తా.క. మీ వీధి మలుపులో హారన్ వినబడగానే ఈ కాగితాలు దాచి, తలుపు తియ్యి. చింపకు, ఎవరికీ చూపకు.