చివరి డబ్బాలో పడ్డ మాటలు

గౌరవనీయులైన భాషా పరీక్షాధికారి గారికి,

నిన్న మీరు మీ భాషలో "నీళ్లు తాగుతారా?" అని అడిగితే, "నా మూత్రపిండాల్లో రాళ్లు లేవండీ" అని జవాబిచ్చింది నేనే. ఆసుపత్రి ఉద్యోగం ఈ పరీక్ష మీదే ఆధారపడి ఉంది కనుక, ఎందుకలా జరిగిందో దయచేసి వినండి.

నేను మాటల్ని చీటీల మీద రాసి, డబ్బాల్లో వేసి నేర్చుకుంటాను. రాని మాట రోజూ ఎదురవుతుంది. వచ్చిన మాట చివరి డబ్బాలోకి వెళ్లి, మళ్లీ నెలకి గానీ బయటికి రాదు. మొదటి రోజే నీళ్లు, తలుపు, కుడి, ఎడమ చీటీలు చూసి మా వదిన, "ఇంత చదువు చదివి ఇవి బట్టీ పడతావా? సిగ్గు లేదూ!" అంది. నాకు రోషమొచ్చి, వాటిని కనీసం తిరగేసి చూడకుండా చివరి డబ్బాలో పడేశాను. ఎంతకీ రాక రోజూ పలకరించిన మూత్రపిండమే నిన్న నోటికొచ్చింది. మీరు కుడివైపు తలుపు తీయమంటే నేను ఎడమవైపు బీరువా తెరిచిందీ అందుకే.

ఇంకొక్క అవకాశం ఇప్పించండి. వదిన ఇప్పుడు ఆ చీటీలు పట్టుకుని వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఏం కావాలో ఆ భాషలోనే అడుగు, పెడతా" అంటోంది. నీళ్లు అడగడం వచ్చేసిందండీ. ఉప్పు ఇంకా రాలేదు. నిన్నటి నుంచి కూర చప్పగానే తింటున్నాను.

మీ పిలుపు కోసం ఆశగా చూస్తున్న
అభ్యర్థిని