‘మ’కి నాలుగో అర్థం

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
అక్టోబర్ 14, మంగళవారం

ప్రియమైన ప్రణీతకి,

ఫ్రిస్కోలో నువ్వూ మీ పిన్నిగారూ కుశలంగా ఉన్నారని తలుస్తాను. ఆవిడకు నా నమస్కారాలు చెప్పు. నేనూ క్షేమమేనని రాయడం మర్యాద కానీ, ఇవాళ అలా రాయలేను. నువ్వు వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశావు కాబట్టి ఈ కాగితం. చించేసే ముందు పూర్తిగా చదువు.

నీ ఉద్యోగం పోయి నలభై ఒక్క రోజులైంది. చదువయ్యాక ఇచ్చే ఓపీటీ అనుమతి మీద ఉన్నవాళ్లం ఈ దేశంలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం మీద తొంభై రోజులే. నమ్మినా నమ్మకపోయినా, నీ రోజులు నేనిక్కడ వేళ్ల మీద లెక్కపెడుతున్నాను.

నిన్ను తీసేసిన ఆ మీటింగ్ సంగతి మళ్లీ ఎత్తడం నాకిష్టం లేదు, కానీ ఎత్తక తప్పదు. మన ఆన్‌లైన్ నిఘంటువులో నీ వాటా కెల్టిక్, ఫిన్నిక్ భాషల పొట్టి పదాలు. నీ పేరుతో ఉన్న ‘మ’ పేజీ నాకు భలే ముచ్చటగా ఉండేది. అంత చిన్న పదం, ఎస్టోనియన్‌లో ‘నేను’, బ్రెటన్‌లో ‘నా’, స్కాటిష్ గేలిక్‌లో ‘ఒకవేళ’. నాలుగోది, బ్రిటన్ పక్కన మాన్ దీవి వాళ్ల మాంక్స్ భాషలో ‘వల ఆరేసే కొయ్య’. ఆ నాలుగోది తమ పాత పుస్తకంలోంచి ఎత్తుకొచ్చారని పోటీ సంస్థ లాయర్ ఉత్తరం రాశాడు. వేరేవాళ్ల నిఘంటువు తెరవకూడదని మనకి చేరిన రోజే చెప్పారు కదా. నువ్వు ఆ పుస్తకం ముట్టుకోలేదన్నావు. మన మేనేజర్ మిసెస్ హాలరన్ నన్నడిగితే నాకేమీ తెలియదన్నాను.

నాకు అదంతా అన్యాయంగానే తోచింది. ఎస్టోనియన్‌లో ‘మ’ అంటే ‘నేను’ అని పది పుస్తకాలు రాస్తాయి. అందులో ఎవరు ఎవరిది దొంగిలించినట్టు? అర్థానికి పట్టా ఎవరు రాసిచ్చారు? వల కొయ్యకే ఇంత గోలేమిటని లోపల్లోపల తిట్టుకున్నాను. ఎప్పటికైనా ఏ పాత కాగితంలోనో ఆ అర్థం కనబడుతుందని, నీ పేరు నిలబడుతుందని ఆశపడ్డాను.

ఇవాళ లంచ్‌లో, మన ప్రోగ్రామ్‌లు రాసే రఘువీర్ పెరుగన్నం డబ్బా మూత తీస్తూ మామూలుగా అన్నాడు.

“అది ట్రాప్ అంట దేదీప్యా. ఆ మీనింగ్ ఏ లాంగ్వేజ్‌లో లేదంట.”

తింటున్నది వదిలేసి మిసెస్ హాలరన్ గదికి పరిగెత్తాను. ఆవిడ కంప్యూటర్‌లోంచి తల తిప్పకుండానే చెప్పింది. కొన్ని నిఘంటువుల వాళ్లకి అదొక ఆనవాయితీ అట. వేల నిజాల మధ్య కావాలనే ఒక్క అబద్ధం రాసిపెడతారు. నిజమైన అర్థం కాపీ కొడితే దొంగ దొరకడు, లేని అర్థం కాపీ కొడితే తప్పించుకోలేడు. మన నిఘంటువులోనూ అలాంటివి రెండు ఉన్నాయట, కొత్తగా చేరినవాళ్లకి చెప్పరట.

నిఘంటువులో అబద్ధం రాస్తారా ప్రణీతా? ఎవరో ఒకాయన కుర్చీలో తీరిగ్గా కూర్చుని, మాంక్స్ జాలర్లకి లేని కొయ్య ఒకటి కల్పించాడా? నిన్ను ఉద్యోగంలోంచి తీసేసింది నిజంగా లేని ఒక కొయ్య ముక్క కోసమా?

ఇక నా ఆశ కూడా పోయింది. ఆ అర్థం ఇంకెక్కడా దొరకదు. ఎవరో ఆ పుస్తకం తెరిచారు, తెరిచి మన పేజీలో ఎక్కించారు. ఆ చెయ్యి నీది కాదు. అంతవరకు నాకు తెలుసు, మీటింగ్‌లోనూ తెలుసు. అప్పుడు నోరు మెదపనందుకు నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

ఒకప్పటి నీ రూమ్మేట్,
దేదీప్య

తా.క.: కవరు అంటించి, మళ్లీ చింపాను. నువ్వు డ్రైవింగ్ టెస్ట్‌కి వెళ్లిన శుక్రవారం, మిగిలిన నాలుగు పేజీలు ఒకసారి చూసిపెట్టమని నీ లాగిన్ ఇచ్చి వెళ్లావు. బద్ధకించి, లైబ్రరీలో ఆ పుస్తకం తెరిచి, వల కొయ్యని టైప్ చేసింది నేను. మీటింగ్‌లో నువ్వు ఒక్కసారి నా వైపు చూశావు. నా పేరు చెబుతావనుకున్నాను. ఈ ఉద్యోగం దొరికేలోపే నా తొంభైలో ఎనభై మూడు రోజులు అయిపోయాయని నీ ఒక్కదానికే తెలుసు. అందుకే నువ్వు చెప్పలేదు. సాయంత్రం మిసెస్ హాలరన్‌కి అంతా చెప్పేశాను. ఈపాటికి ఆవిడ నీకు ఫోన్ చేసి ఉంటుంది. ఎత్తకపోయి ఉంటే, ఎత్తు.