ఉప్పమ్ముకునే చాంది పిటిషను

హైదరాబాద్, జూన్ 3

పాత రికార్డుల విభాగం వారికి నమస్కారం.

మీకు మెయిల్ పంపితే పెట్టె నిండిపోయిందని తిరిగొచ్చింది. అందుకే ఉత్తరం. నా పేరు అనీసా. మాది పాల్వంచ, మా నాన్నది గిన్నెల దుకాణం. నేను చరిత్రలో పరిశోధన చేస్తున్నాను. తెల్లవాళ్ల కాలంలో భద్రాచలం వైపు గోదావరి ఒడ్డున సైనికుల దండు ఉండేది. తెల్ల సిపాయిలకు జబ్బులు అంటకూడదని 1868 నాటి అంటురోగాల చట్టం కింద చుట్టుపక్కల ఆడవాళ్లను పడుపువృత్తి పట్టికలో రాసుకుని, వారం వారం ఆసుపత్రికి ఈడ్చుకెళ్లి పరీక్షించేవారు. ఉప్పమ్ముకునే చాంది అనే ఆవిడ, తను ఆ వృత్తిలో లేనని, తన పేరు కొట్టెయ్యమని 1880లో పిటిషన్ పెట్టుకుంది. విచారణకు ఆదేశించారు. తర్వాత ఏమైందో ఎక్కడా దొరకడం లేదు. ఆ విచారణ ముగింపు కాపీ ఇప్పించగలరు. మీకు గుర్తు తెలియడానికి ఆ పిటిషన్ నకలు పైన పిన్ను చేశాను.

ఇట్లు,
అనీసా

తా.క. ముగింపు లేని అధ్యాయం తీసుకురావద్దని మా గైడ్ ఖండితంగా చెప్పారు. ఆవిడ సినిమాకైనా ముగింపు కనుక్కున్నాకే వెళతారు.

—

జూన్ 17

శ్రీమతి చాంది గారికి (అనీసా గారి ద్వారా),

మీ పిటిషన్ అందినది. ఆరోగ్యంగా ఉన్న మిమ్మల్ని ఒక సిపాయి ఆసుపత్రికి ఈడ్చుకెళ్లడం తీవ్రమైన విషయం. విచారణ ప్రారంభించాము. మీ ఆధార్ నకలు, వయసు, సదరు సిపాయి పేరు తెలుపగలరు. వెంట వచ్చిన అనీసా గారి కాగితాన్ని జతపత్రంగా ఉంచుకున్నాము.

భవదీయుడు,
కోటేష్, సీనియర్ అసిస్టెంట్

తా.క. ఉప్పు వ్యాపారానికి లైసెన్సు ఉన్నదా? లేకున్నా పరవాలేదు. ఆ సెక్షన్ పక్క గదిలో ఉంటుంది. వాళ్లకు నేను చెప్పను.

—

జూన్ 24

కోటేష్ గారికి నమస్కారాలు.

చాంది గారు నా చిరునామాలో లేరు. ఏ చిరునామాలోనూ లేరు. ఇప్పుడు బతికి ఉంటే వయసు నూట డెబ్బై దాకా ఉంటుంది. ఆధార్ లేదు. పైనున్న కాగితాన్ని మీరు కొత్త పిటిషన్‌గా నమోదు చేసి, కిందున్న నా దరఖాస్తును దాని తోక చేసినట్టున్నారు. దయచేసి కాగితాలు తిరగేసి చూడండి.

మీ దయ కోరే,
అనీసా

తా.క. సిపాయి పేరు నాకూ తెలియదు. మహానుభావులు ఆడవాళ్ల పేర్లే రాసిపెట్టారు.

—

జులై 8

కుమారి అనీసా గారికి,

పిటిషనర్ వయసు నూట డెబ్బై అని ధ్రువీకరించినందుకు కృతజ్ఞతలు. వయోవృద్ధులను ఆఫీసు చుట్టూ తిప్పరాదని మాకు ఆదేశాలున్నాయి. కావున ఆరోగ్య శాఖకు రాయగా, నర్సు సైదమ్మ గారు పాల్వంచలోని మీ ఇంటికే వెళ్లారు. వారి నివేదిక ఇది:

"ఇంట్లో ముసలామె ఒక్కరే ఉన్నరు. పేరు లతీఫా అంటున్నరు. 'నూట డెబ్బై ఏండ్లా అమ్మా నీకు?' అంటే 'నీ అత్తకుంటయ్ పో!' అన్నరు. రక్తం తియ్యబోతే 'ఏంది నీ జబర్దస్తీ? నాకేం రోగమున్నదని? చెయ్యి పట్టినవంటే నిన్నే పొడుస్త!' అని సూది గుంజుకున్నరు."

పిటిషనర్ సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నట్లు దీనివల్ల రుజువైనది.

భవదీయుడు,
కోటేష్

తా.క. సూది ప్రభుత్వ ఆస్తి. వాపసు ఇప్పించగలరు.

—

జులై 12

కోటేష్ గారూ,

లతీఫా మా దాదీ, నాన్న వాళ్లమ్మ. "రోగమున్నదని సర్కారుకు నా పేరు నువ్వే ఇచ్చినవంట గదనే!" అని ఫోన్లో అరగంట దులిపింది. ముందు పడీ పడీ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. చాందికి జరిగిందీ అచ్చం ఇదే. అడగకుండా వచ్చారు, చెయ్యి పట్టుకున్నారు. మా దాదీ సూది గుంజుకోగలిగింది. చాంది చేతికి కాగితం ఒక్కటే దొరికింది. ఆ కాగితానికి మీరు నంబరు వేశారు సరే, చదివారా? ఒక్కసారి చదవండి. చదివి ఫైలు మూసెయ్యండి. నా అధ్యాయం పోతే పోయింది.

అనీసా

తా.క. సైదమ్మ గారు వస్తే సూది ఇచ్చేస్తుందట దాదీ. బిర్యానీ కూడా పెడుతుందట. ఒంటరిగా రమ్మంటోంది. నేనైతే వెళ్లొద్దంటాను.

—

ఆగస్టు 12

బిడ్డా అనీసా,

ఆఫీసు భాష పక్కకు పెట్టి రాస్తున్న. చదివిన. ఇంటికి పట్టుకపోయి మా ఆమెకు కూడా చదివి వినిపించిన. ఆమె ఆ పూట నాకు అన్నం పెట్టలే, నేనే దండు సిపాయినైనట్టు.

పాత బీరువాలన్నీ వెతికించిన. విచారణకు ముగింపు లేదు. "సిపాయి వాంగ్మూలం కొరకు వాయిదా" అని ఉంది, అంతే. ఎవరూ ఒప్పుకోలే, ఎవరూ కొట్టెయ్యలే. సరే మూసేద్దామని కంప్యూటర్ తెరిస్తే రెండే గడులు: అంగీకరించడమైనది, తిరస్కరించడమైనది. పొరపాటున నమోదైనది అనే గడి లేదు. తిరస్కరించడానికి నాకు చెయ్యి రాలే.

అంగీకరించాలంటే అవతలి వాళ్లను పిలవాలె. అటెండర్ లాల్‌సింగ్‌ను వరండాలో నిలబెట్టిన. "దండు సిపాయి దొరా! ఉన్నవా? హాజరు గావాలె!" అని మూడుసార్లు కేకేసిండు. చాయ్ తెచ్చినాయన తప్ప ఎవరూ రాలే. ఇగ ఏకపక్షంగా ఉత్తర్వు తయారుచేసిన. అసలు ప్రతి జతచేస్తున్న:

"ప్రతివాది హాజరు కానందున, పిటిషనర్ చాంది ఉప్పు అమ్ముకుని జీవించే స్త్రీ అని నమ్మడమైనది. ఆమె పేరు సదరు పట్టిక నుండి కొట్టివేయడమైనది. ఇకమీదట ఆమెను పరీక్షకు ఎవరూ పిలువరాదు."

మా ఆఫీసర్ భార్గవి మేడం పొద్దంతా సంతకాలు పెడుతనే ఉంటది, తల ఎత్తదు. దీని దగ్గర మాత్రం ఆగింది.

"ఈమె ఇప్పుడు ఎట్లున్నది కోటేష్?" అన్నది.

"ఇయ్యాల్టి సంది మంచిగుంటది మేడం" అన్న.

సంతకం పెట్టి, ముద్ర కూడా ఆమెనే వేసింది. ఇది తీసుకపోయి మీ గైడ్‌కు చూపియ్యి.

నీ కోటేష్ బాబాయి

తా.క. ప్రతివాది ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. రోజూ తపాలా సంచీ నేనే విప్పుతున్న. ఇంగ్లండు నుంచి ఇప్పటిదాకా ఏం రాలే. వచ్చినా రంది పడకు, అప్పీళ్ల గుమస్తా పెద్ద సెలవులో ఉన్నడు.