కార్డు మీది ఆవిడ

జూన్ 3
మనవరాలు విదేశీ కార్ల కంపెనీలో బ్రాండ్ మేనేజర్. ఆ కారు వాళ్ల దేశంలో టాక్సీగా తిరుగుతుందట. ఇక్కడ మాత్రం హుందాగా బతికేవాళ్ల కారని చెప్పి అమ్మాలట. అదే కారు కదే అన్నాను. కారు అదే అమ్మమ్మా, పొజిషనింగ్ వేరు అంది. ఆ కారుకో స్వభావం కూడా రాసి పెట్టుకున్నారు. నిజాయితీ, నిదానం, మితభాషిత్వం. ఇన్ని సుగుణాలున్న అల్లుడు నాకు దొరకలేదు.

జూన్ 7, ఉదయం 8
డైనింగ్ టేబుల్ మీద ఒక కార్డు కనిపించింది. దాని మీద నా ఫొటో, కింద ఇంకెవరిదో పేరు. డెబ్బై ఒకటో ఏడు, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, భర్త లేరు. ఇంతవరకూ నేనే. ఆపైన ఆవిడ సొంతంగా కారు నడుపుతుందట, ఒంటరిగా దూరప్రయాణాలు చేస్తుందట. నాకు ముందు సీట్లో కూర్చున్నా మూడో మలుపుకి కడుపులో తిప్పుతుంది. స్టీరింగ్ జన్మలో ముట్టుకోలేదు.

అదే రోజు, సాయంత్రం
మనవరాలిని నిలదీస్తే కక్కింది. కారు కొనబోయే మనిషి ఎలా ఉంటారో చూపించడానికి ఇలా కార్డు రాస్తారట. దానికి ముందు పన్నెండు మందిని కలిసి మాట్లాడి, వాళ్లలో ఒకరి గురించి రాయాలట. ఇదేమో టైమ్ లేదని ఒక్కరినీ కలవకుండా, ఇంట్లో ఉన్న నన్ను చూసి రాసేసింది. హెడ్డాఫీసుకు ఆ కార్డు తెగ నచ్చి, ఇక్కడి ప్లానంతా దాని మీదే కట్టారు. ఇప్పుడు అక్కడి డైరెక్టరమ్మ వచ్చి కార్డు మీది ఆవిడను స్వయంగా కలుస్తానంటోంది. కల్పితమని తెలిస్తే దీని ఉద్యోగం పోతుంది. ఒక్క గంట ఆవిడవైపో అమ్మమ్మా అంది.
కాపీ కొట్టినవాళ్లను ముప్ఫై నాలుగేళ్లు పరీక్ష హాల్లోంచి బయటికి పంపిన మనిషిని నేను.

జూన్ 8
కుదరదని చెప్పాను.

జూన్ 9
ఏమీ తినకుండా ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రం సరే అన్నాను.

జూన్ 12
ప్రశ్నలూ జవాబులూ టైప్ చేసి ఇచ్చింది. మొదటిసారి ఒంటరిగా ఎక్కడికి వెళ్లారంటే మార్కెట్‌కి అనాలి. అంతకుమించి నోరు విప్పొద్దట. క్లచ్ ఎడమ కాలికని రెండుసార్లు చెప్పింది. మీది ఆటోమేటిక్ కదే, దానికి క్లచ్ ఎక్కడిదని నేనే అడగాల్సి వచ్చింది.

జూన్ 14
డైరెక్టరమ్మ వచ్చింది. పక్కన దుబాసీ. మొదటిసారి ఒంటరిగా ఎక్కడికి వెళ్లారని అడిగించింది. మార్కెట్‌కి అందామనే నోరు తెరిచాను. వచ్చింది వేరు. పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, డ్యామ్ దాకా నడుపుకుంటూ వెళ్లానన్నాను. ఇంజన్ ఆపి నీళ్లు చూస్తూ కూర్చున్నానన్నాను. తిరిగొచ్చే ముందు ఎర్రసిరా వేళ్లకు పూసుకున్నానని, ఈ సంగతి ఇవాళ్టిదాకా ఎవరికీ తెలియదని చెప్పాను. దుబాసీ మధ్యలో ఆగిపోయాడు. డైరెక్టరమ్మ నోట్‌బుక్ మూసేసి నా చెయ్యి పట్టుకుంది.
బయటికి వచ్చాక, అది ఏ సంవత్సరం అమ్మమ్మా అని మనవరాలు మెల్లిగా అడిగింది. నాకు డ్రైవింగ్ రాదని దానికి తెలుసు.
సంవత్సరం చెప్పాను.

జూలై 2
ఊరంతా హోర్డింగులు. ‘ఎవరికీ చెప్పని ప్రయాణం.’ షోరూమ్‌కి ఆడవాళ్లు ఒంటరిగా వస్తున్నారట. దీని ఉద్యోగం నిలబడింది, పైగా ప్రమోషన్. నన్ను నేను తిట్టుకుందామంటే ఆ తిట్లు నాకు తగులుతున్నాయో, కార్డు మీది ఆవిడకో తెలియడం లేదు. కళ్లు మూసుకుంటే డ్యామ్ గేట్ల మీది తుప్పు కూడా కనిపిస్తోంది. ఆ డ్యామ్ ఎక్కడుందో నాకు తెలియదు.

జూలై 9
ఇంకో కార్డు కావాలట, ఈసారి మగవాడిది. తాతయ్య ఎలా ఉండేవాడని అడిగి ల్యాప్‌టాప్ తెరిచింది. చెప్పడం మొదలుపెట్టాను. రెండో పేజీకి వచ్చేసరికి ఆయన నాకు చాలా నచ్చాడు.